పులుసు మీద పడ్డ నింద

పైరేవు వంటతెప్ప దినచర్య. రాసేది కాసులు.

బహుళ పాడ్యమి

ఏం వండాం, ఎవరు తిన్నారు, నీళ్ళ మర ఎలా ఉంది. ఇందులో ఇవి తప్ప ఇంకేమీ రాయకూడదని ఊరిపెద్ద ఎల్లాజీ ఆజ్ఞ. వండింది వంజరం పులుసు, నాచు పచ్చడి, అన్నం. అందరూ తిన్నారు. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చెయ్యాల్సిన మర ఉప్పుని సగం మింగి సగం వదిలేస్తోంది. ఆజ్ఞ తీరింది కాబట్టి ఇక నా ఇష్టం వచ్చింది రాస్తాను. ఎల్లాజీకి చదివే ఓపిక లేదని తెప్పల మీద తేలే మా ఊళ్ళో తెలియని వాళ్ళు లేరు.

నిన్న పౌర్ణమి, గుండెచూపు. వలల తెప్ప మీద పాత తెరచాప నిలబెట్టి దాని ముందు గుండెపీట వేశారు. సూది లేదు, గొట్టం లేదు, రవిక ముడి కూడా విప్పక్కర్లేదు. కూర్చుంటే చాలు, కూర్చున్న వాళ్ళ గుండె ఆ చాప మీద గుమ్మమంత ఎత్తున కొట్టుకుంటూ కనిపిస్తుంది. పీట పక్కన దీపం ఆకుపచ్చగా వెలిగితే మంచిది. ఎర్రగా వెలిగితే ఒడ్డున ఆస్పత్రి నుంచి డాక్టర్ గొంతు వినిపిస్తుంది. ఒడ్డు వాళ్ళు ఇవన్నీ తలుపులేసుకుని చూపించుకుంటారట. మాకా దాపరికం లేదు. ఎల్లాజీ గుండె ఆయన లాగే ఓ పక్కకి ఒరిగి ఉంటుందని మా దగ్గర చంటిపిల్లలకి కూడా తెలుసు.

మునక ఆడవాళ్ళు కూర్చున్నప్పుడే అసలు సందడి. ఊపిరి బిగబట్టి నాచు తోటల్లోకి దిగేది వీళ్ళే. పీట ఎక్కగానే నీళ్ళలోకి దిగినట్టే ఊపిరి బిగబడతారు. గుండె నెమ్మదిస్తుంది. ఎవరి గుండె ఎంత నింపాదిగా కొట్టుకుంటే వాళ్ళకి అంత పేరు, అన్ని ఈలలు. గెలిచిన వాళ్ళకి చేప తలకాయ పులుసు. అది వండేది నేను. గంగమ్మకి చూపించి పెట్టాల్సింది కాబట్టి వండే వాళ్ళు రుచి చూడకూడదు.

ఎప్పటిలాగే మా వదిన పోలమ్మ గెలిచింది. మా ఆయన అక్క. మునకల పెద్ద. ఆవిడ గుండె ఒకసారి కొట్టుకుని మళ్ళీ కొట్టుకునే లోపు ఇంటికెళ్ళి రావచ్చు. తలకాయ పులుసు పెట్టాను. కన్ను జుర్రుకుంది, దవడ చీకింది, అడుగంటా తుడిచింది. తుడిచి, "ఉప్పు తక్కువైనాది" అంది. నేను కొత్త కోడలిగా ఈ తెప్ప ఎక్కిన రోజు నుంచీ ఇదే మాట.

ఈ ఉదయం పులుసు మసాలాకి మా ఆయన గరగయ్య రుబ్బురోలు చక్రం తొక్కాడు. ఈ తొక్కుడు చక్రం గుండెపీటతో పాటు ఒకే పెట్టెలో వచ్చింది. కదలకుండా కూర్చునే పీటకి చక్రమెందుకని ఎల్లాజీ దాన్ని నా రోలికి బిగించి ఇచ్చాడు. పెద్దరికంలో ఆయన చేసిన పనుల్లో నాకు నచ్చింది అదొక్కటే.

బహుళ తదియ

వండింది పండుగొప్ప పులుసు. నీళ్ళ మరని గరగయ్య విప్పి, కడిగి, మళ్ళీ బిగించాడు. ఒక మేకు మిగిలిపోయింది. ఎక్కడిదో తెలియదు.

అమావాస్య ఆటుకి తొలి మునక. ఆ రోజు నీళ్ళు బాగా తీస్తాయి. మా అడుగున మునిగిపోయిన పాత ఊరు ఉంది, అందులో దీపస్తంభం మొదలు ఉంది. మా తెప్పలన్నిటినీ పట్టి ఉంచే మోకు దానికే కట్టి ఉంటుంది. ఏటా పాత మోకు తీసి కొత్తది కట్టాలి. చేపల్లా ఈదే యంత్రాల్ని, అదే మర చేపల్ని, పంపితే మోకులో చిక్కుకుని అవే చస్తాయి. అందుకని మునకల పెద్ద ఒక్కతే దిగి చేత్తో ముడి వేసి వస్తుంది. ఇన్నేళ్ళుగా ఆ చెయ్యి మా వదినది.

మధ్యాహ్నం బంతిలో అందరి ముందూ ఆవిడ కంచం పక్కకి తోసింది.

"ఒలే కాసులు, ఇందులో ఏటేసినావే? సాతీలో ఒకటే మంట."

"అందరికీ ఏసిందే నీకూ ఏసినాను ఒదినా."

"అందరూ మొగమాటానికి తింటన్నారు. నాకా మొగమాటం నేదు."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉప్పు తక్కువంటే పడ్డాను. మంట అనే మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఇక చూడు, రేపటి నుంచి పసిపిల్లలు కూడా నాకి తినేలా వండుతాను, అప్పుడేమంటావో చూస్తాను.

బహుళ షష్ఠి

వండింది కారం లేని కవళ్ళ చేపల పులుసు. చింతపండు చూపించి తీసేశాను. మూడు రోజులుగా ఇంతే.

ఊరు తిరగబడింది. వదిన తరవాత మునకల్లో పేరున్న పిల్ల దాలమ్మ కంచం పట్టుకుని నా ముందుకొచ్చి, "అత్తా, ఎవులికి జొరం వచ్చినాది? పత్తెం కూడు ఎట్టినావు" అంది. ఎల్లాజీ పెదవి విరిచి పచ్చిమిరపకాయ అడిగాడు. లేదన్నాను.

ఇంతా చేస్తే, వలల తెప్ప నుంచి మెట్లెక్కి వచ్చిన వదిన ఛాతీ రుద్దుకుంటూ, "మంట కారంలో నేదే, నీ చేతిలో ఉన్నాది" అంది. గరిటె విసిరేశాను. సముద్రంలో పడింది. కొత్త గరిటె కావాలని ఎల్లాజీని అడగాలి, కారణం మాత్రం చెప్పను.

బహుళ ఏకాదశి

మునకల పెద్ద ఏకాదశి నాడూ చతుర్దశి నాడూ కటిక ఉపవాసం. మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టదు. పొద్దున నేను తెప్ప అంచున పెద్ద గిన్నె తోముతున్నాను. వదిన కింద కొత్త మోకు చుట్ట చూసుకుని మెట్లెక్కి వస్తోంది. సగంలో ఆగింది. ఒక అరచెయ్యి ఛాతీ మీద బల్లపరుపుగా పెట్టుకుంది. రెండో చేత్తో కింది దవడ రుద్దుకుంది. కాసేపు అలాగే నిలబడి మళ్ళీ ఎక్కింది.

"మంటా ఒదినా?"

"మరేటి. నీ పులుసు."

"ఎప్పటి పులుసు? నిన్న మద్దేన్నం తిన్నావు. ఈయేళ మెతుకు ముట్టనేదు."

"నీ పులుసు రెండ్రోజులుంటాది" అని వెళ్ళిపోయింది.

నాకు ఎగిరి గంతేద్దామనిపించింది. నా పులుసు తప్పు లేదు! ఖాళీ కడుపుతో ఉన్న మనిషికి పులుసు మంట ఎలా వస్తుంది? బంతి మధ్యలో నిలబడి చెబుదామనుకున్నాను, మాటలు కూడా కూర్చుకున్నాను. ఆ సంతోషం గిన్నె మీద ఇంకో చెంబెడు నీళ్ళు పోసేంత సేపు కూడా నిలవలేదు. పులుసు కాకపోతే మరేమిటది? మెట్లెక్కితే వస్తోంది, నిలబడితే పోతోంది.

గరగయ్య రోలు తొక్కుతుంటే ఈ మాట చెప్పాను. చక్రం మీద కాళ్ళు ఆగిపోయాయి.

"అమ్మా ఇలగే అనీది" అన్నాడు.

"ఏటని?"

"నాయనమ్మ పులుసు మంటని. రోజూ పోట్లాటే. ఓ ఏడు తొలి మునక సేసి మెట్లెక్కతా ఎక్కతా అక్కడే కూకుండిపోనాది. మరి నెగనేదు. గంగమ్మ తీసుకుపోనాదన్నారు."

అత్తగారు నేను రాకముందే పోయారు. నీళ్ళలో పోయారనే అనుకున్నాను, మెట్ల మీదని ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో ఆడవాళ్ళకి ఎదుటి వాళ్ళ వంటని తిట్టడం వంశపారంపర్యం అని నేను నవ్వుకునేదాన్ని. వంశపారంపర్యంగా వచ్చింది తిట్టు కాదేమో. నాకు భయం వేసింది. ఈ పూట ఏం వండానో గుర్తు లేదు.

బహుళ ద్వాదశి

వండింది కారం పులుసు. అందరూ తిన్నారు, నేను తప్ప.

వదినని పట్టుకుని తిన్నగానే చెప్పాను. అమావాస్యకి దిగొద్దు, ఒడ్డున డాక్టరమ్మకి చూపించుకో అని. అత్తగారి మాట ఎత్తేసరికి ఆవిడ మొహం మాడిపోయింది.

"మా అమ్మని గంగమ్మ తీసుకుపోనాది. నీకెవులు సెప్పమన్నారు ఇయన్నీ?"

"మంట కడుపులోది కాదొదినా."

"గుండెదా? రా. సూపిస్తాను."

పదిమందినీ పిలిచి పీట మీద కూర్చుంది. ఊపిరి బిగబట్టింది. చాప మీద ఆవిడ గుండె పండగనాటి కంటే నెమ్మదిగా, ముచ్చటగా కొట్టుకుంది. ఆకుపచ్చ దీపం. చప్పట్లు. పీట దిగి నా దగ్గరికొచ్చి, నాకు మాత్రమే వినపడేలా, "నాను దిగకపోతే నాకింకేటున్నాదే? మొగుడా, పిల్లలా? ఆ మోకొక్కటే నాది" అంది.

నేనే ఒడ్డుకి లైను కలిపించుకున్నాను. డాక్టర్ ఇందుమతి గారు ఈ ఏడే వచ్చారు, మా ఊరు ఇంకా చూడలేదు. అంతా విన్నారు. దవడ దగ్గర కూడానా అని అడిగారు. వాళ్ళమ్మ ఏ వయసులో పోయిందని అడిగారు.

"మీరు చెప్పేది నాకు నచ్చట్లేదు కాసులమ్మగారూ. కూర్చున్నప్పుడు గుండెకి పని తక్కువ, కాబట్టి బాగానే కనిపిస్తుంది. పని పెరిగినప్పుడే లోపం బయటపడుతుంది. ఎల్లుండి తొలి మునకకి ముందు చేసే గుండెచూపు ఉంది కదా, నేను లైన్లో ఉంటాను. అందరికీ చేసినట్టే ఆవిడ గుండెని కూడా పీట మీద పరిగెత్తించండి. ఈలోగా బరువు పనులు చెయ్యనివ్వకండి. అత్యవసరం పెట్టెలో..."

గాలికి లైను తెగింది. అందరికీ చేసినట్టే అంటారేమిటి? పీట మీద ఎవరి గుండెనైనా పరిగెత్తించడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. కూర్చున్న మనిషి గుండె కూర్చున్న చోటే ఎలా పరిగెత్తుతుంది? అందులోనూ మా వదినది.

బహుళ చతుర్దశి

వండించింది గరగయ్య చేత. ఏం వండాడో ఆయన్నే అడగాలి.

వదిన గుండె పరిగెత్తాలంటే ఆవిడ ఒళ్ళు మండాలి. నిన్నంతా ఆలోచిస్తే నాకు తోచింది ఇదొక్కటే. అందులో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు, కానీ మామూలు తిట్లకి ఆవిడ చెక్కు చెదరదు. పిసినారి అన్నా, పొగరుబోతు అన్నా పీట మీద నవ్వుతూ కూర్చుంటుంది. ఆవిడకి తగిలే చోటు ఒకటే ఉంది.

మధ్యాహ్నం అందరూ చేరారు. చాప బిగించారు. లైన్లో డాక్టరమ్మ పలకరించారు. వదిన పీట ఎక్కి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టింది. గుండె నెమ్మదించింది. ఆకుపచ్చ దీపం. దాలమ్మ ఈల వేయబోయింది. నేను ముందుకెళ్ళాను.

"పోయినేడు నీ ముడి జారిపోనాది ఒదినా."

కళ్ళు తెరిచింది.

"నువ్వు పైకొచ్చీసినాక దాలమ్మ మల్లీ దిగి కట్టినాది. నీకు తెలిస్తే బాదపడతావని ఎవులం సెప్పనేదు. నీ సేతిలో పట్టు పోనాది. ఊరందరికీ తెలుసు."

పచ్చి అబద్ధం. ఆవిడ ముడి జారడం నేను పుట్టి ఎరగను. నా నోటితో ఆ మాట అంటుంటే నాకే ఏడుపొచ్చింది.

"నా ముడి జారినాదా?" అని వదిన అరిచిన అరుపుకి చాప మీద కూర్చున్న కాకి లేచిపోయింది. "ఎవులే ఆ మాటన్నది? దాలీ! ఇలా రాయే! నా కల్లల్లోకి సూసి సెప్పు! ఇన్నేళ్ళు ఈ ఊరు మునగకుండా కాసింది ఎవులి ముడే?"

బిగబట్టిన ఊపిరి ఎప్పుడో పోయింది. చాప మీద గుండె దడదడా కొట్టుకోవడం మొదలెట్టింది. దాలమ్మ ఎల్లాజీ వెనక్కి తప్పుకుంది. ఎవరూ నవ్వలేదు. దీపం ఎర్రబడింది.

"ఆగండి" అని డాక్టరమ్మ గొంతు. "చాప మీద కింది మూల చూస్తున్నాను. మిగతా గుండె అంతా ముడుచుకుంటోంది, ఆ మూల వెనకబడుతోంది. పోలమ్మగారూ, ఇక మాట్లాడకండి. మెల్లిగా ఊపిరి తీసుకోండి. ఎవరైనా పెట్టెలో ఎర్రమూత సీసా తియ్యండి, ఒక మాత్ర నాలిక కింద పెట్టండి. అమ్మా, మీకేమైనా అనిపిస్తోందా?"

వదిన అరచెయ్యి అప్పటికే ఛాతీ మీద ఉంది.

"మంట" అంది.

నేను ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "ఈయేళ ఏటి తిన్నావొదినా?"

నా వైపు చూసింది. ఆవిడ కళ్ళలో భయం చూడటం అదే మొదలు.

"ఏటీ తిన్నేదు" అంది చిన్నగా.

మాత్ర పనిచేసింది. చాప మీద గుండె దారిలోకొచ్చింది, ఆ మూల కూడా మిగతా వాటితో కలిసి కదలసాగింది. అప్పుడు డాక్టరమ్మ నన్ను అందరి ముందూ ఉతికి ఆరేశారు. ఇలా ఒక్కసారిగా రెచ్చగొట్టడం ఎంత ప్రమాదమో తెలుసా, ప్రాణం మీదకొచ్చేది, చక్రం ఉండగా ఈ పనేమిటి అన్నారు.

"ఏ చక్రమండీ?" అన్నాడు ఎల్లాజీ.

"పీటతో పాటు పంపిన తొక్కుడు చక్రం. దాన్ని కొద్దికొద్దిగా తొక్కిస్తే గుండె మెల్లిగా వేగం అందుకుంటుంది, అవసరమైన చోట నేను ఆపేస్తాను. అది లేకుండా ఈ చూపుకి అర్థమే లేదు. ఎక్కడుంది అది?"

ఊరంతా నా వైపు తిరిగింది. వంటతెప్ప మీద రుబ్బురోలికి బిగించిన చక్రం ఎండలో తళతళలాడుతోంది, పళ్ళకి ఇంకా మసాలా అంటుకుని ఉంది. ఎల్లాజీ ఆకాశం వైపు చూశాడు.

అమావాస్య

వండలేదు. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

నిన్న సాయంత్రం డాక్టరమ్మ ఆస్పత్రి పడవ వేసుకుని తానే వచ్చేశారు. నేను ఎవరో పెద్దావిడ అనుకున్నాను. దాలమ్మ కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, అంతే. పడవలో ఒక పెద్ద వలయం ఉంది. అందులోంచి మంచం జరుగుతుంది, మంచం మీద మనిషి గుండెకి అన్నం మోసే నాళాలన్నీ తెర మీద కనిపిస్తాయి. ఇక్కడా సూది లేదు.

"బొమ్మ తీసేటప్పుడు కాస్త ఊపిరి బిగబట్టాలమ్మా" అని చెప్పారు డాక్టరమ్మ. ఆ మాట మా వదినకి చెప్పాలా? బొమ్మ వచ్చేసింది, చూడటం కూడా అయిపోయింది, ఆవిడ మాత్రం ఊపిరి వదలదు. ఆఖరికి డాక్టరమ్మ ఆవిడ భుజం తట్టి, "వదిలెయ్యండమ్మా, నాకు కంగారుగా ఉంది" అన్నారు.

నన్నూ గరగయ్యనీ పిలిచి తెర చూపించారు. ఒక నాళం ఒక చోట వేళ్ళతో నొక్కి పట్టినట్టు సన్నబడి ఉంది. మిగతావి బాగున్నాయి.

"గుండె కండ ఎక్కడా చెడలేదు" అన్నారు. "కష్టపడ్డప్పుడు ఆ మూలకి రక్తం చాలట్లేదు, అంతే. మణికట్టు దగ్గర నుంచి వెళ్ళి దాన్ని విప్పి వస్తాం. చిన్న పని. తరవాత మందులు వాడాలి. ఇప్పుడు దొరకడం మంచిదైంది. రేపు నీళ్ళలో దిగి, పైకి వచ్చేటప్పుడు..." అని ఆగిపోయారు.

నేను బిగ్గరగా ఏడ్చాను. గరగయ్య కూడా ఏడ్చాడు, చెమట తుడుచుకున్నట్టు నటించాడు. ఎల్లాజీ ఆజ్ఞ ప్రకారం ఇది రాయదగ్గ సంగతి కాదు. రాశాను. నా గుండెల మీద బరువు దిగిపోయింది, అదీ రాస్తున్నాను.

వదిన నన్ను దగ్గరికి రమ్మంది.

"ముడి?"

"జారనేదు ఒదినా. అబద్దమాడినాను."

"జారనేదని నాకు తెల్దేటి? అయినా మండిపోనాది." తెర వైపు చూసి, "మా అమ్మకి ఇలాటి పీట ఉంటే బతికీదా?" అని డాక్టరమ్మని అడిగింది.

"చెప్పలేనమ్మా. అవకాశం ఉండేది" అన్నారావిడ. వదిన తల ఊపి గోడ వైపు తిరిగి పడుకుంది.

తెల్లారాక ఒడ్డుకి బయల్దేరదామంటే వదిన ససేమిరా అంది. మోకు కట్టాకే కదులుతానంది. ఆటు తీశాక ఒడ్డు రేవులో నీళ్ళు చాలవు, మధ్యాహ్నం పోటు వస్తేగానీ పడవ ఎలాగూ కదలదు కాబట్టి డాక్టరమ్మ ఒప్పుకున్నారు, కూర్చున్న చోటి నుంచి లేవకూడదని ఒట్టు వేయించుకుని. అలా వదిన ఆస్పత్రి పడవలో కూర్చుంది, మణికట్టు డాక్టరమ్మ చేతిలో. దాలమ్మ వచ్చి ఆవిడ పాదాలకి మొక్కింది.

"రెండు సుట్లు కాదే, మూడెయ్యి. పాతది ఇప్పేముందు కొత్తది కట్టు. బెదరకు. బెదిరితే గుండె పరిగెడతాది" అంది వదిన.

దాలమ్మ మునిగింది. అలవాటు కొద్దీ మేమందరం ఊపిరి బిగబట్టాం.

"మీరు ఊపిరి తీసుకోండమ్మా" అన్నారు డాక్టరమ్మ.

"నాను బిగబట్టినానా?" అంది వదిన ఆశ్చర్యంగా.

చివరికి దాలమ్మ తల నీళ్ళ మీద కనిపించింది. పిల్ల గుక్క తిప్పుకునే లోపే వదిన కేకేసింది. "మూడేసినావా?" "మూడేసినాను పెద్దమ్మా!" కొత్త మోకు బిగుసుకుంది, తెప్పలు ఒకసారి మెల్లిగా కదిలి నిలబడ్డాయి. వదిన కొంగు మొహానికి అడ్డం పెట్టుకోకుండా, అందరి ముందూ ఏడ్చేసింది. దిగలేకపోయినందుకో, బతికినందుకో నేను అడగలేదు. పోటు రాగానే పడవ ఆవిడని తీసుకుని వెళ్ళింది.

శుద్ధ దశమి

వండింది మెత్తళ్ళ ఇగురు, చారు. చక్రం పీటకి వెళ్ళిపోయింది కాబట్టి రోలు చేత్తోనే తిప్పాలి. గరగయ్య భుజాలు పట్టేశాయట. వదిన గుండె బాగుపడితే నీ భుజం పట్టేసినా పరవాలేదన్నాను.

వదిన వచ్చేసింది! మణికట్టు మీద చిన్న పట్టీ, చేతిలో మందుల సంచీ. పడవ దిగి మెట్ల దగ్గర నిలబడింది. మేమంతా పైన గుమిగూడాం. ఎక్కడం మొదలెట్టింది. ఆవిడ ఆగే చోటు నాకు తెలుసు. అక్కడికొచ్చింది. ఆగలేదు. పైకి వచ్చేసి, మా మొహాలు చూసి, "ఏటలా సూస్తన్నారు, మెట్లే కదా" అంది. ఆ మాట వింటే ఎంత హాయిగా ఉందో. చారు మాత్రం నీళ్ళలా ఉందంది.

పౌర్ణమి

వండింది వంజరం పులుసు, తలకాయ పులుసు వేరే. నీళ్ళ మర బాగుంది. మిగిలిపోయిన మేకు ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు.

గుండెచూపు. డాక్టరమ్మ లైన్లో ఉన్నారు. పీటకి చక్రం బిగించారు. నేను ఎంత తోమినా కొద్దిగా ధనియాల వాసన వస్తోంది. ఎల్లాజీ లేచి గొంతు సవరించుకుని, ఇకపై నెమ్మది గుండెకి తలకాయ పులుసు లేదు, తొక్కినప్పుడు బాగా ఉరికి, ఆపినప్పుడు బేగి శాంతించిన గుండెకే అని ప్రకటించాడు. మునక ఆడవాళ్ళు గొణిగారు. వరసగా తొక్కారు. ఇద్దరిని ఒకసారి వలయంలో చూడాలన్నారు డాక్టరమ్మ, కంగారేమీ లేదు, ముందే చూసుకోవడానికి అన్నారు. ఆ ఇద్దరూ నవ్వుతూనే దిగారు.

వదిన మెల్లిగా తొక్కింది. చాప మీద గుండె వేగం అందుకుంది. నేను ఆ కింది మూలనే చూస్తూ నిలబడ్డాను. అది మిగతా గుండెతో పాటే ముడుచుకుంది, మిగతా గుండెతో పాటే విప్పారింది. మళ్ళీ, మళ్ళీ. ఆకుపచ్చ దీపం. ఆ ఈలలు ఒడ్డు దాకా వినపడి ఉంటాయి. మళ్ళీ ఎప్పుడు దిగొచ్చని వదిన అడిగితే, "ముందు రోజూ మెట్లెక్కండి. దిగే సంగతి మళ్ళీ చూసి చెబుతాను" అన్నారు డాక్టరమ్మ. దిగొద్దని అనలేదు. వదినకి అది చాలు.

ఈసారి వరసలో నా వంతు కూడా వచ్చింది. నాకు మోకాళ్ళ నొప్పులు. నాలుగు తొక్కులు తొక్కి ఆపేశాను. చాప మీద నా గుండె పొయ్యి దగ్గర పిల్లిలా బద్ధకంగా కూర్చుంది.

"ఇంకాస్త తొక్కాలి కాసులమ్మగారూ" అన్నారు డాక్టరమ్మ.

"నా వల్ల కాదండీ."

అందరూ వదినని ముందుకు తోశారు. తిట్టు, తిట్టు, ఇప్పుడు నీ వంతు అని గోల చేశారు. నేనూ సిద్ధంగానే ఉన్నాను. ఏమన్నా సరే చలించకూడదని పళ్ళు బిగించుకున్నాను. ఉప్పు తక్కువంటుందా, అననీ. చేతిలో మంటంటుందా, అననీ. వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"నీ అంత బాగా పులుసు ఈ ఊర్లో ఎవులూ పెట్టనేరే కాసులూ" అంది. "నువ్వొచ్చిన మొదటి రోజు నుంచీ."

చాప మీద నా గుండె ఒక్క గెంతు గెంతింది. తెప్పల మీద ఉన్న ప్రతి ఒక్కరూ చూశారు. ఇక దాచుకునేందుకేమీ లేదు. అది అలా ఉరుకుతూనే ఉంది, నేను కాళ్ళు కదపలేదు, కళ్ళ నీళ్ళు మాత్రం కారిపోతున్నాయి. డాక్టరమ్మ నవ్వుతూ, "చాలు చాలు, అన్ని మూలలూ కనిపించాయి, బ్రహ్మాండంగా ఉంది" అన్నారు.

తలకాయ పులుసు నాకే ఇచ్చారు. ఇన్నేళ్ళుగా వండి పెట్టడమే గానీ ఒక్కసారీ నోట పెట్టింది లేదు. వదిన తన చేత్తో వడ్డించి, ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూస్తోంది. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను.

నిజమే. ఉప్పు తక్కువైంది.